పంటి డాక్టరంటే భయమెందుకు తమ్ముళ్ళూ!

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అన్నారు మన పెద్దలు. వాళ్ళు చెప్పింది మాట మంచితనం గురించి. మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నది మాత్రం నిజంగా నోటి గురించే, అందులో ఉన్న పళ్ళ గురించే. వార్షికోత్సవ సంచిక అంటే ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ళ గురించీ, ఉద్యోగాలు సంపాదించిన అన్నల గురించీ, అంబేద్కర్ గారి ఆశయాల గురించీ వ్యాసాలు ఉంటాయి. అవన్నీ ఉండవలసినవే. అయితే పంటి నొప్పితో రాత్రంతా చాప మీద అటూ ఇటూ దొర్లి, పొద్దున్నే ఏమీ ఎరగనట్టు బడికి పోయే పిల్లవాడి గురించి కూడా ఒక వ్యాసం ఉండాలని మాకు అనిపించింది. అట్లాంటి పిల్లవాడు ప్రతి హాస్టల్‌లో, ప్రతి సంవత్సరం ఒకడైనా ఉంటాడు.

మేము ఒకే ఊరి హాస్టల్‌లో చదివినవాళ్ళం కాదు. మాలో కొందరం ప్రొద్దుటూరులో, కొందరం జమ్మలమడుగులో, కొందరం పులివెందులలో సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో ఉండి పదో తరగతి దాకా చదివాం. తర్వాత కాలేజీ రోజుల్లో కలుసుకున్నాం. ఇప్పుడు ఒకరు టీచరు, ఒకరు ఆర్టీసీలో, ఒకరు బ్యాంకులో, ఒకరు దంత వైద్యం చదివి ఆ వృత్తిలోనే ఉన్నారు. వీలైనప్పుడల్లా మా పాత హాస్టళ్ళకు వెళ్ళి పిల్లలతో ఒక పూట గడిపి వస్తుంటాం. ఈ వ్యాసంలో మేము చెప్పేవన్నీ అట్లా చూసినవీ, మాలోని దంత వైద్యుడు మాకు విడమరచి చెప్పినవీ.

దాచిపెట్టుకునే నొప్పి

కడుపునొప్పి వస్తే పిల్లవాడు చెప్తాడు. జ్వరం వస్తే పక్కవాడే పోయి వార్డెన్ సారుకు చెప్తాడు. పంటినొప్పి మాత్రం ఎవరూ చెప్పరు. ఒకవైపే నములుతారు. చల్లనీళ్ళు తాగేటప్పుడు తల పక్కకు వంచుతారు. వంట చేసే అక్క దగ్గర రెండు లవంగాలు అడిగి తెచ్చుకుని బుగ్గన పెట్టుకుంటారు. "ఏమైందిరా?" అని అడిగితే "ఏం ల్యాదున్నా" అంటారు.

ఎందుకు చెప్పరు? మేము పిల్లలను కూర్చోబెట్టి అడిగాం. వాళ్ళు చెప్పిన కారణాలు ఇవి. చెప్తే పన్ను పీకిస్తారు. సూది వేస్తారు. మిషన్ పెట్టి గీరుతారు. ఇంటికి పంపిస్తారు, బడి పోతుంది. నాయనకు ఫోన్ చేస్తారు, నాయనకు ఆ రోజు కూలి పోతుంది.

ఈ చివరి కారణం విన్నప్పుడు మాకు నోట మాట రాలేదు. లింగాల, సింహాద్రిపురం వైపు పిల్లల తల్లిదండ్రులు చీనీ తోటల్లో, అరటి తోటల్లో కూలికి పోయేవాళ్ళు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు వాళ్ళు బండల గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు. కొందరు సుగ్గి అయిపోతే వలస పోయేవాళ్ళు. పదేళ్ళ పిల్లవాడు తన పంటినొప్పిని నాయన కూలితో తూకం వేసి, నొప్పినే భరిద్దామని నిర్ణయించుకుంటున్నాడు. కాబట్టి ఇది పిరికితనమని ఎవరూ అనుకోకూడదు.

భయం ఎక్కడ పుడుతుంది?

పంటి డాక్టరంటే భయపడే పిల్లల్లో చాలామంది పంటి డాక్టరును అప్పటిదాకా చూడనే లేదు. మరి భయం ఎట్లా వచ్చింది? విన్న కథల వల్ల వచ్చింది. రాత్రి దీపాలు ఆర్పేశాక పెద్దపిల్లలు చెప్పే కథల్లో దయ్యాల తర్వాత స్థానం పన్ను పీకే డాక్టరుదే. "నలుగురు పట్టుకున్నారంట, నెత్తురు గిన్నెడు వచ్చిందంట" అని ఒకడు మొదలుపెడితే ఇంకొకడు అది బకెట్ చేస్తాడు. ఇంటి దగ్గర కూడా అంతే. అన్నం తినకపోతే "డాక్టరుతో సూది వేయిస్తా చూడు" అని బెదిరిస్తాం. అట్లా పెరిగిన పిల్లవాడికి డాక్టరు శిక్ష వేసేవాడిగా కనిపించక ఇంకెట్లా కనిపిస్తాడు?

కొందరికి సొంత అనుభవం వల్ల కూడా భయం వస్తుంది. చిన్నప్పుడు ఎక్కడో ఒకచోట మాట్లాడకుండా, చెప్పకుండా చేతులు పట్టుకుని పన్ను తీయించి ఉంటారు. ఆ పన్ను పోయినా ఆ జ్ఞాపకం పోదు. మా స్నేహితుడు ఒకాయన ఇప్పుడు నలభై దాటినా డెట్టాల్ వాసన వస్తే దవడ బిగిస్తాడు.

ఇంకో సంగతి ఉంది. పంటి వైద్యంలో పిల్లవాడు వెల్లకిలా పడుకోవాలి. ముఖం మీద లైటు. నోరు తెరిచి ఉంటుంది కాబట్టి మాట్లాడలేడు. లోపల ఏం జరుగుతోందో కనపడదు. సన్నగా గుయ్‌మని శబ్దం. పంటిని శుభ్రం చేసే ఆ మిషన్‌ను ఎయిరోటార్ అంటారు. అది నిమిషానికి 3 లక్షల సార్లకు పైగా తిరుగుతుంది. ఆ శబ్దం అందుకే అంత సన్నగా ఉంటుంది. కనపడనిది, తెలియనిది, ఆపమని చెప్పలేనిది — ఈ మూడూ కలిస్తే పెద్దవాళ్ళకైనా భయమే. భయపడినవాడికి నొప్పి కూడా ఎక్కువ తెలుస్తుంది. ఒళ్ళంతా బిగుసుకుని ఎదురు చూసేవాడికి చిన్న స్పర్శ కూడా పోటులాగా తగులుతుంది.

పుచ్చు అంటే ఏమిటి?

సంతల్లో, బస్టాండుల్లో కొందరు పంటిలోంచి పురుగు తీస్తామని చెప్తుంటారు. చెవిలోకో నోటిలోకో పొగ పట్టి, దూదిలో ఏదో చూపిస్తారు. తమ్ముళ్ళూ, పంటిలో పురుగు ఉండదు. ఉండేవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. మనం తిన్న తీపి, పిండి పదార్థాలు పళ్ళ సందుల్లో మిగిలితే అవి వాటిని తిని ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొరను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఆ పొరను ఎనామిల్ అంటారు. మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం అదే. దానిలో నరాలు లేవు. కాబట్టి పుచ్చు అక్కడ ఉన్నంతకాలం నొప్పి ఉండదు. దాని కింద డెంటిన్. అక్కడికి చేరితే చల్లనీళ్ళకు, తీపికి జివ్వుమంటుంది. దాని లోపల నరం, రక్తనాళాలు ఉండే గుజ్జు. అక్కడికి చేరితే రాత్రి నిద్ర ఉండదు.

ఈ మూడు మెట్లు గుర్తుంచుకోండి. మొదటి మెట్టులో చికిత్స చేయించుకుంటే చిన్న పని, నొప్పి దాదాపు ఉండదు. రెండో మెట్టులో శుభ్రం చేసి సిమెంటు నింపుతారు, ఒకసారి వెళ్తే చాలు. మూడో మెట్టులో రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీయాలి. అంటే భయపడి ఆలస్యం చేసేకొద్దీ మనం భయపడిన పనే మన దగ్గరికి వస్తుంది. భయం వల్ల ఆలస్యం, ఆలస్యం వల్ల నొప్పి, నొప్పిలో పోతే చికిత్స కష్టం, ఆ కష్టం చూసి ఇంకా భయం. గానుగెద్దులాగా ఇదే చుట్టూ తిరుగుతుంటాం.

ఈ బాధ మన హాస్టళ్ళకే పరిమితం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 51 కోట్లకు పైగా పిల్లలకు పాలపళ్ళలో పుచ్చు ఉంది. "పాలపళ్ళే కదా, ఊడిపోయేవే" అనేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆరేళ్ళకు వెనక వచ్చే పెద్ద దవడపన్ను పాలపన్ను కాదు. దాని కింద ఇంకో పన్ను లేదు. అది పోతే మళ్ళీ రాదు. హాస్టల్ పిల్లల్లో మేము ఎక్కువగా నల్లబడి చూసింది ఆ పన్నునే.

ఇద్దరు తమ్ముళ్ళ కథ

జమ్మలమడుగు హాస్టల్‌లో మాకు తెలిసిన ఒక అబ్బాయి ఉండేవాడు. ఊరు కొండాపురం వైపు. చదువులో ముందుండేవాడు. ఎనిమిదో తరగతి నుంచే దవడపన్ను నొప్పి. సూదికి భయపడి ఎవరికీ చెప్పలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా మందుల షాపులో మాత్ర కొనుక్కుని మింగేవాడు. కొన్నాళ్ళకు నొప్పే ఆగిపోయింది. తగ్గిపోయిందని సంతోషపడ్డాడు. నిజానికి లోపల నరం చచ్చిపోయింది, చీము మొదలైంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షల వారంలో బుగ్గ వాచింది. కన్ను మూసుకుపోయేంత వాపు, జ్వరం. ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. రెండు పేపర్లు పోయినాయి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో రాసి పాసయ్యాడు గానీ, అనుకున్న కాలేజీలో సీటు దొరకలేదు. దవడపన్ను పోయింది. పంటి చీము ముఖంలోకి, మెడలోకి పాకితే ప్రాణాపాయం కూడా అని మాకు తెలిసింది అప్పుడే.

రెండో అబ్బాయి పులివెందుల హాస్టల్‌లో ఆరో తరగతి. ఊరు లింగాల వైపు. వాడిని మేమే తీసుకుపోయాం. మొదట పోయినచోట రెండు గంటలు కూర్చోబెట్టారు. తలుపు వెనక ఎవరో పాప ఏడుపు. వీడి వంతు వచ్చేసరికే చెమటలు. లోపల ఎవరూ వీడిని పేరు పెట్టి పిలవలేదు. కుర్చీ ఎక్కించి, నోరు తెరవమని, సూది పైకెత్తారు. వీడు నోరు మూసుకున్నాడు. గద్దించారు. ఇంకా గట్టిగా మూసుకున్నాడు. "ఇట్లాంటి మొండి పిల్లోల్ని తీసుకురావద్దండి" అని బయటికి పంపించారు. దారి పొడుగునా వాడు తల ఎత్తలేదు.

నెల తర్వాత ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె మొదట అడిగింది పన్ను గురించి కాదు. "ఏ ఊరు నాయనా మీది? మీ నాయన ఏం చేస్తాడు?" అన్నది. చీనీ తోటలో పని అని చెప్పాడు. "అయితే నీకు మోటారు, డ్రిప్పు పైపులు అన్నీ తెలిసుంటాయే" అన్నది. కుర్చీని పైకీ కిందికీ తిప్పి చూపించింది. అద్దం వాడి చేతికే ఇచ్చి నోట్లో పళ్ళు లెక్కపెట్టమన్నది. ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. "ఈ రోజుకు ఇంతే. పో, శనివారం రా" అన్నది. వాడు మా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అంతేనా అన్నట్టు చూశాడు.

శనివారం వాడే ముందు తయారై గేటు దగ్గర నిలబడ్డాడు. డాక్టరమ్మ నీళ్ళు లాగే గొట్టాన్ని చూపించి "ఇది మీ బోరు మోటారు, నోట్లో నీళ్ళు లాగుతుంది" అని వాడి అరచేతిలో నీళ్ళు పోసి లాగి చూపించింది. నవ్వినాడు. ఎయిరోటార్‌ను దూరంగా పెట్టి శబ్దం వినిపించింది. తర్వాత వాడి వేలిగోరు మీద నీటిజల్లు పడేట్టు చూపించింది. తర్వాతే నోట్లో పెట్టింది. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి చెప్పింది. "నీకు ఇబ్బంది అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తు. నేను ఆపేస్తా." వాడు పరీక్షించడానికి అన్నట్టు మొదటి నిమిషంలోనే చెయ్యి ఎత్తాడు. ఆమె వెంటనే ఆపింది. ఆ తర్వాత వాడు ఒక్కసారి మాత్రమే ఎత్తాడు, అదీ ఉమ్మి వేయడానికి.

వాడి పన్ను నిలిచింది. ఇద్దరికీ వచ్చిన పుచ్చు ఒకటే, భయమూ ఒకటే. రెండోవాడికి ఆ భయాన్ని గౌరవించిన మనిషి సమయానికి దొరికింది.

ఇది ఒక శాస్త్రం

డాక్టరమ్మ చేసింది ఆమె మంచితనం మాత్రమే అనుకున్నాం. కాదు, అది పుస్తకాల్లో ఉన్న పద్ధతే అని మాలోని దంత వైద్యుడు చెప్పాడు. ముందు చెప్పు, తర్వాత చూపించు, ఆ తర్వాతే చెయ్యి. అమెరికాకు చెందిన అడెల్‌స్టన్ అనే వైద్యుడు 1959లో దీన్ని వివరించాడు. ఇప్పటికీ ప్రపంచమంతా పిల్లల దంత వైద్యులు మొదట నేర్చుకునేది ఇదే. 1962లో ఫ్రాంకెల్, ఆయన తోటివారు కుర్చీలో పిల్లల తీరును నాలుగు మెట్లుగా విభజించారు. పూర్తిగా ఎదురు తిరిగే పిల్లలు, కొంత అయిష్టంగా ఉండేవాళ్ళు, జాగ్రత్తగా ఒప్పుకునేవాళ్ళు, నవ్వుతూ సహకరించేవాళ్ళు. ఈ మెట్లలో 'మొండి పిల్లోడు' అనే మెట్టు లేదని గమనించండి. ఈ రోజు మొదటి మెట్టులో ఉన్నవాడు సరైన మాట దొరికితే నెలలో మూడో మెట్టుకు వస్తాడు.

చిన్నపిల్లలకు తమ భయం ఎంతో మాటల్లో చెప్పడం రాదు. అందుకని బొమ్మలు చూపించి "నువ్వు ఇప్పుడు ఏ బొమ్మలాగా ఉన్నావు?" అని అడుగుతారు. మన దేశంలో ఛోటా భీమ్, చుట్కీ బొమ్మలతో కూడా అట్లాంటి కొలమానం ఒకటి తయారుచేశారు. టీవీలో చూసే భీముడు ఏడుస్తూ కనిపిస్తే, తాను ఏడవడం కూడా తప్పు కాదని పిల్లవాడికి తెలుస్తుంది.

సూది విషయానికి వద్దాం. సూది వేసేముందు చిగురు మీద మందు జెల్లీ పూసి రెండు నిమిషాలు ఆగితే పైన మొద్దుబారుతుంది. మందును నెమ్మదిగా ఎక్కిస్తే నొప్పి తక్కువ. హడావుడిగా ఎక్కిస్తే ఎక్కువ. ఈ మందులు రాకముందు మనుషులు ఎంత బాధపడ్డారో ఊహించుకోండి. 1844లో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే దంత వైద్యుడు నవ్వించే గ్యాస్ పీల్చి తన పన్నునే తీయించుకుని పరీక్షించాడు. నొప్పి లేకుండా వైద్యం చేయాలని మొదట పట్టుబట్టిన వాళ్ళలో పంటి డాక్టర్లు ఉన్నారని తెలిస్తే, వాళ్ళ మీద మనకున్న అభిప్రాయం కొంచెం మారాలి.

ఇంకా మంచి కబురు ఏమిటంటే, అన్ని పుచ్చులకూ మిషన్ అక్కర్లేదు. 1980లలో టాంజానియాలో కరెంటు లేని పల్లెల కోసం ఒక పద్ధతి మొదలైంది. చేతి పనిముట్లతోనే మెత్తబడిన భాగాన్ని తీసి, పంటికి అతుక్కునే సిమెంటు నింపుతారు. శబ్దం లేదు, చాలాసార్లు సూదీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994 నుంచి దాన్ని ప్రోత్సహించింది. మెరుగైన సౌకర్యాలు లేని ఆఫ్రికా పల్లె కోసం పుట్టిన పద్ధతి ఇప్పుడు ధనిక దేశాల్లో భయపడే పిల్లలకు కూడా వాడుతున్నారు. స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే డాక్టరమ్మ పాలపళ్ళను గీరకుండానే పైన స్టీలు తొడుగు వేసే పద్ధతి వాడింది. అది ఆమె పేరుతోనే ప్రసిద్ధమైంది. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవం ఇంకొకటి. పుచ్చు మీద బ్రష్షుతో పూస్తే చాలు, చాలా పళ్ళలో పుచ్చు అక్కడికి ఆగిపోతుంది. పూసినచోట నల్లగా అవుతుంది, అది ఒక లోపం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఏ పంటికి ఏది పనికొస్తుందో డాక్టరే చెప్పాలి. కానీ "మా పిల్లవాడికి భయం ఎక్కువ, మిషన్ లేకుండా ఏదైనా వీలుందా?" అని అడిగే హక్కు మనకు ఉంది.

అమ్మ లేనిచోట అన్న

ఈ పుస్తకాల్లో ఒక మాట మళ్ళీ మళ్ళీ వస్తుందట. తల్లి పక్కన ఉంటే చిన్న పిల్లవాడు ధైర్యంగా ఉంటాడు అని. మన హాస్టల్ పిల్లవాడికి తల్లి నలభై కిలోమీటర్ల దూరంలో పొలంలో ఉంటుంది. మరి వాడి చెయ్యి ఎవరు పట్టుకోవాలి? వాడితో పోయే తొమ్మిదో తరగతి అన్న, లేదా వార్డెన్ సార్, లేదా మనలాంటి పాత విద్యార్థి. కాబట్టి ఆ పోయేవాడికి కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

"నొప్పి ఉండదు" అని ప్రమాణాలు చేయవద్దు. కొంచెం తెలిస్తే వాడు మిమ్మల్ని మళ్ళీ నమ్మడు. "కొంచెం చీమ కుట్టినట్టు ఉండొచ్చు, తర్వాత మొద్దుబారుతుంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. "నువ్వు మగపిల్లోడివి, ఏడుస్తావా?" అనవద్దు. ఆడపిల్లల హాస్టళ్ళలో "ఇంత గారాబమా?" అనీ అనవద్దు. ఏడిస్తే ఏడవనివ్వండి. ఏడుస్తూనే నోరు తెరిచిన పిల్లలను మేము చూశాం. వాళ్ళే అందరికంటే ధైర్యవంతులు.

నొప్పి లేని రోజే మొదటిసారి తీసుకుపోండి. పళ్ళు లెక్కపెట్టించుకుని వచ్చేస్తే చాలు. పొద్దున పూట, టిఫిన్ తిన్నాక తీసుకుపోండి. ఆకలితో, అలసటతో ఉన్నవాడికి ఓపిక తక్కువ. ఇదివరకే చికిత్స చేయించుకుని ధైర్యంగా ఉన్న పిల్లవాడిని తోడు పంపండి. వాడు కుర్చీ ఎక్కడం చూస్తే వీడికి సగం భయం పోతుంది. చెయ్యి ఎత్తితే ఆపాలన్న ఒప్పందం ముందే చేసుకోండి. డాక్టరు చెప్పకపోతే మీరే వినయంగా అడగండి. సూది వేయించుకున్న తర్వాత రెండు మూడు గంటలు పెదవి మొద్దుగా ఉంటుంది, తెలియక కొరుక్కుంటే పుండు పడుతుంది. మొద్దు వదిలేదాకా అన్నం పెట్టవద్దు, కనిపెట్టి ఉండండి. తిరిగి వచ్చాక అందరి ముందూ "వీడు ఎట్లా కూర్చున్నాడో తెలుసా!" అని చెప్పండి. ఆ రాత్రి దీపాలు ఆర్పాక చెప్పుకునే కథ అప్పుడు మారుతుంది.

ఎక్కడికి పోవాలి?

మన ప్రాంతానికి ఆస్పత్రులు కొత్త కాదు. లండన్ మిషనరీలు 19వ శతాబ్దం చివరలోనే జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆస్పత్రి పెట్టారు. ప్రొద్దుటూరులో జిల్లా ఆస్పత్రి ఉంది. కడపలో 2006లో రిమ్స్ వచ్చింది, అక్కడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. మూడు ఊళ్ళలో ఎక్కడి నుంచైనా బస్సులో ఒకటిన్నర, రెండు గంటల ప్రయాణం. దంత కళాశాలల్లో పిల్లల పళ్ళకు ప్రత్యేక విభాగం ఉంటుంది. నేర్చుకునే డాక్టర్లు ఉంటారు కాబట్టి కొంత ఆలస్యం అవుతుంది, కానీ ఓపికగా మాట్లాడతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడిపిల్లలకు చేయాల్సిన పరీక్షల్లో పంటి జబ్బులు కూడా ఉన్నాయి. ఆ బృందం బడికి వచ్చిన రోజు వెనక బెంచీలో దాక్కోకుండా నోరు తెరిచి చూపించండి. చూపిస్తే సూది వేయరు, రాసుకుని ఎక్కడికి పోవాలో చెప్తారు.

మన జిల్లాలో కొన్ని ఊళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ ఊళ్ళ పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు ఉంటాయి. "తోముకోవా?" అని డాక్టరు తిడతాడేమోనని ఆ పిల్లలు నోరే తెరవరు. అది తోమకపోవడం వల్ల వచ్చింది కాదు, పళ్ళు తయారయ్యే వయసులో తాగిన నీళ్ళ వల్ల వచ్చింది. సిగ్గుపడాల్సిన పనిలేదు.

చివరిగా మూడు మాటలు

హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు: పొద్దున ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకోండి. బఠాణీ గింజంత చాలు, మింగవద్దు. వేపపుల్ల మంచిదే, అయితే బొగ్గు, ఇటుకపొడి వద్దు, అవి పంటిని అరగదీస్తాయి. చిక్కి, బెల్లం, బిస్కెట్లు తిన్నాక నోరు పుక్కిలించండి. జివ్వుమన్న రోజే చెప్పండి. నాయన కూలి పోకుండా చూసే బాధ్యత మాది.

వార్డెన్ సార్లకు, మేడమ్‌లకు: పిల్లల ట్రంకుపెట్టెలు తనిఖీ చేసినట్టే నెలకొకసారి పళ్ళు కూడా చూడండి. టార్చిలైటు చాలు. నల్లమచ్చ ఉన్నవాడి పేరు రాసి, తల్లిదండ్రులకు ఫోన్‌లో చెప్పి అనుమతి తీసుకుంటే మిగతా పని అయిపోతుంది.

మాలాగా చదివి బయటికి వచ్చిన అన్నలకు, అక్కలకు: వార్షికోత్సవానికి చందాలు ఇస్తున్నాం, ప్లేట్లు, ఫ్యాన్లు ఇస్తున్నాం. సంతోషమే. దాంతోపాటు నెలలో ఒక శనివారం ఇద్దాం. ఆ రోజు మన పాత హాస్టల్ గేటు దగ్గర ఒక పిల్లవాడు చొక్కా గుండీలు పెట్టుకుని నిలబడి ఉంటాడు. వాడికి బస్సు టికెట్ తీసి, పక్కన కూర్చుని, ఊరు గురించి మాట్లాడుతూ తీసుకుపోదాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల హాస్టళ్ళకు మేము ఇప్పటికే పేర్లు రాసుకున్నాం. మీరు చదివిన హాస్టల్ పేరు కూడా ఆ పుస్తకంలో చేర్చమని వార్డెన్ సారుకు చెప్పండి.